నందికొండా? మల్లమ్మ కొండా?

ఏటేటా ధనుర్మాసము ప్రవేశించగానే మన కుటుంబములలో ఒక వివాదము తలయెత్తుచున్నది. సంక్రాంతి ముందరి సెలవులలో పిల్లలను, వృద్ధులను వెంటబెట్టుకొని రెండు దినములు చలికొండకు పోయివచ్చుట మన గూళూరు, బాగేపల్లి, చింతామణి ప్రాంతములవారికి కొంతకాలముగా అలవాటైనది. అలవాటు మంచిదే. పోవలసిన కొండ ఏది అన్నచోటనే పక్షములు ఏర్పడుచున్నవి. ఒక పక్షము నందికొండ అనును. రెండవ పక్షము మదనపల్లె దాపునగల హార్స్‌లీ కొండ అనును. మన గుడిబండ కోట చాలదా అను మూడవ పక్షమును కలదు గాని, అందులో కాళ్ళు గట్టిగానున్న కుర్రవారు తప్ప ఎవరును లేరు గనుక దానిని ప్రక్కకు పెట్టుచున్నాను.

నేను నందికొండ పక్షమువాడను. సంఘ సంచికలో వ్రాయుటకు సాహిత్యము కరవైనదా, విహారయాత్రల గొడవ ఎందుకు అని పెద్దలు కొందరు అడుగవచ్చును. ఈ గొడవలో విహారముకంటె పెద్ద విషయము దాగియున్నదని నాకు తోచినది. అందువలననే కలము పట్టినాను. కొందరు మిత్రులకు కష్టము కలిగినను సరే, మనసులోని మాట చెప్పక తప్పదు.

అమెరికాలో స్థిరపడిన మనవారి పిల్లలకును ఇట్టి తర్కమే ఉన్నదని వినుచున్నాను. కొలరాడో రాష్ట్రములో మంచుమీద జారుటకు వెయిల్ మేలా, ఆస్పెన్ మేలా అని వారు దినముల తరబడి లెక్కలు వేయుదురట. మంచు ఎంత మందము, గది అద్దె ఎంత, విమానాశ్రయమునకు ఎంత దూరము అను వానితో వారి తర్కము ముగియును. అది సుఖమైన తర్కము. ఆ రెండు కొండలలో ఏదియు వారిది కాదు గనుక వారికి ఏదైనను ఒకటే. మన తర్కమునకు ఆ సుఖము లేదు. మనవారు లెక్కలతో మొదలుపెట్టరు. ‘అది మన కొండ, తెలుగు కొండ’ అను మాటతో మొదలుపెట్టుదురు. నా పోరు ఆ మాటతోనే.

ముందుగా ఒప్పుకొనవలసినవి ఒప్పుకొందును. హార్స్‌లీ కొండ సుందరమైనది. సుమారు 1,265 మీటర్ల ఎత్తు. కడప కలెక్టరుగా ఉండిన డబ్ల్యూ.డి. హార్స్‌లీ అను ఆంగ్లేయుడు 19వ శతాబ్దిలో ఎండలకు తాళలేక అక్కడ బంగళా కట్టించుకొన్నందువలన ఆ పేరు వచ్చినది. మదనపల్లె సీమ 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడువరకు కడప జిల్లాలోనిదే. దొర రాకముందు దాని పేరు ఏనుగు మల్లమ్మ కొండ. కొండపై ఒంటరిగా పెరిగిన ఒక బాలికకు ఏనుగులు ఆహారము తెచ్చి యిచ్చెడివనియు, ఆమె తన కడకు వచ్చిన కొండవాండ్రకు రోగములు బాపెడిదనియు, ఒకనాడు ఎవరికిని చెప్పకుండ మాయమైనదనియు కథ చెప్పుదురు. ఆమెకు అక్కడ చిన్న గుడి కలదు. ఇంత మంచి పేరుండగా దొరగారి పేరే నిలిచిపోవుట విచారకరము. ఆ కొండను ‘మనది’ అని పోరాడు మిత్రులలో ఒక్కరి నోటనైనను మల్లమ్మ పేరు వినలేదు. హార్స్‌లీ, హార్స్‌లీ అనియే అందురు.

అక్కడ గాలిబండ యున్నది. దానిమీద నిలుచున్నచో ఉత్తరీయము ఎగిరిపోవును. నీలగిరి చెట్ల వాసన, నిశ్శబ్దము, కొండకొనవరకు చక్కని దారి. మోకాళ్ళ నొప్పుల అవ్వలు సైతము బండి దిగి నాలుగడుగులు వేసిన చాలును. దిగువకు వచ్చినచో జిడ్డు కృష్ణమూర్తి స్థాపించిన ఋషివ్యాలీ పాఠశాల, ఇంకను ముందుకు పోయినచో ఆయన పుట్టిన మదనపల్లె. రవీంద్రనాథ ఠాకూరు 1919లో ఆ ఊరి దివ్యజ్ఞాన కళాశాలలో ఉన్నప్పుడే జనగణమనకు ఆంగ్లానువాదము సిద్ధము చేసినాడు. పిల్లలకు చూపదగిన స్థలములు ఇవి.

నందికొండ దోషములును నాకు తెలియును. శని ఆదివారములలో బెంగళూరు నుండి వచ్చు వాహనములతో దారి క్రిక్కిరిసి, తెల్లవారుజామున బయలుదేరినవారు సూర్యోదయమును బండి కిటికీలోనుండి చూచి తృప్తిపడవలసివచ్చును. కోతులు చేతిలోని పొట్లమును బెదరింపుతో గుంజుకొనును. 2021 ఆగస్టు వానలకు కొండచరియ జారి దారి కొట్టుకొనిపోగా నెలల తరబడి పైకి పోవుట లేకపోయినది. ఆంగ్ల సంవత్సరాది రాత్రి జనమును పైకి రానీయని ఏండ్లు అనేకము. సౌకర్యమే కొలబద్ద యైనచో ఈ వ్యాసమును ఇంతటితో చాలించి హార్స్‌లీకి గదులు చెప్పించవచ్చును.

ఐతే మిత్రులు సౌకర్యమును ఎత్తుటలేదు. వారు చెప్పునది వేరు: ‘అక్కడ మన భాష చెవిన పడును. పలకలమీద మన అక్షరములుండును. ఇక్కడ బడిలో తెలుగు లేక పిల్లలు అంగలార్చుచున్నారు. రెండు దినములైనను మన నేలమీద తిరిగిరానిండు.’ ఈ మాటలో బాధ యున్నది. ఆ బాధను నేను తక్కువ చేయను. కన్నడములో చదువుకొన్న నా మనుమరాలు గాలిబండ చెంతనున్న పలకమీది తెలుగు అక్షరములను, తనకు తెలిసిన కన్నడ అక్షరముల సాయమున కూడబలుకుకొని చదివినప్పుడు నాకు కన్ను చెమర్చినది. అయినను ‘మన నేల’ అను ఆ రెండు మాటల దగ్గర నేను ఆగిపోవుచున్నాను. అది మన నేల యైనచో గూళూరు ఎవరి నేల?

మొన్నటి యాత్రలో జరిగిన సంగతి చెప్పెదను. హార్స్‌లీమీద ఒక తేనీటి అంగడిలో కూర్చుండి మేము మాటలాడుకొనుచుంటిమి. అంగడి మనిషి మా మాట కొంతసేపు విని, నవ్వుచు, ‘కర్నాటకమోళ్ళా సామీ? మాటలో కన్నడం యాస ఉండాది’ అన్నాడు. దురుద్దేశము లేదు. తేనీరు మంచిదే యిచ్చినాడు. మాతో వచ్చిన పెద్దమనిషి, హార్స్‌లీ పక్షపు నాయకుడు, మొగము చిన్నబుచ్చుకొన్నాడు. అంతకు రెండు నెలల ముందు నందికొండ దిగువ వాహనములు నిలుపుచోట ఒక యువకుడు మా తెలుగు విని, ‘ఆంధ్రదింద బందిద్దీరా?’ అని కన్నడములో అడిగినాడు. మా బండి పలకమీద కె.ఎ. 40 అని మన జిల్లా సంఖ్య తెల్లగా కనబడుచునే యున్నది. రెండు చోట్లను వెంట ఉన్న మనుమరాలు ఇంటికి వచ్చిన తరువాత అడిగినది: ‘తాతా, ఆడ కర్నాటకమోళ్ళు అంటిరి, ఈడ ఆంధ్రోళ్ళు అంటిరి. మనం ఏడోళ్ళం?’

మన పక్షముల కలహమంతయు ఈ ప్రశ్నకు జవాబు చెప్పుటలోనే యున్నది. హార్స్‌లీ పక్షమువారి జవాబు: మనము అక్కడివారము, ఇక్కడ ఉన్నాము. నా జవాబు: మనము ఇక్కడివారము, తెలుగువారము. ఈ రెండింటికిని భూమ్యాకాశములంత భేదము కలదు.

చరిత్ర నా వైపున నున్నది. బాగేపల్లి తాలూకా మైసూరు సంస్థానమున కోలారు జిల్లాలోనిది. 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడినప్పుడు గాని, 1956లో రాష్ట్రములు మరల కూర్చబడినప్పుడు గాని మనము మూటముల్లె సర్దుకొని ఎక్కడినుండియు రాలేదు. 2007లో చిక్కబళ్ళాపురము ప్రత్యేక జిల్లా యైనప్పుడును కదలలేదు. గీతలు మారినవి, మన గుమ్మములు మారలేదు. పాత కోలారు జిల్లా జనాభా లెక్కలు తిరుగవేసినచో తెలుగు మాతృభాషగా గలవారే అందులో అధికులని తెలియును. మన ముత్తాతలు పన్ను కట్టినది మైసూరు ఖజానాకు, సంతకు పోయినది చింతామణికి, కాపురమునకు పిల్లనిచ్చినది అటు కదిరికిని, ఇటు గౌరిబిదనూరుకును. భాష తెలుగు, కాగితము కన్నడము. ఈ రెండింటినడుమ వారు ఇబ్బంది పడినారేమో గాని, తాము అతిథులమని ఏనాడును అనుకొనలేదు. ఆ అనుకొనుట మన తరమున ప్రారంభమైనది. నూటికి నూరుపాళ్ళు ఇది మన చేతులారా చేసికొన్నది. ఎవరో మనలను పరాయివారనుట ఒక యెత్తు. మన సెలవు దినములను సైతము ‘మన నేల’ను వెదకుకొనుచు సరిహద్దు దాటించి, మనము పరాయివారమని మన పిల్లలకు మనమే నేర్పుట వేరొక యెత్తు. దీనిని మిత్రులు భాషాభిమానమనుచున్నారు. నేను అస్త్రసన్యాసమందును.

పోనిండు, కొండకు భాష యుండవలెననియే పట్టుపట్టుదము. ఏ కొలతతో కొలుతుము? నీటితో కొలిచినచో ఏమగునో చూడుడు. నందికొండల వరుసలోను, వాని చుట్టుపట్టులను పుట్టు నదుల పేర్లు మన బడిపిల్లలకు కంఠస్థము కావలెను. ఉత్తర పినాకిని, అనగా పెన్న, ఆ వరుసలోని చెన్నకేశవ కొండ దగ్గర పుట్టి, గౌరిబిదనూరు దాటి హిందూపురము సీమలో ప్రవేశించి, అనంతపురము, కడప నేలలు తడిపి, నెల్లూరు దాటి సముద్రమున కలియును. సుమారు 597 కిలోమీటర్ల నడక. మన బాగేపల్లి ప్రక్కన పారు చిత్రావతి పుట్టపర్తి మీదుగా పోయి గండికోట దాపున పెన్నలో చేరును. పాపఘ్ని వేంపల్లె దగ్గరి గండి చీల్చుకొని కమలాపురము కడ పెన్నలోనే పడును. తిక్కన సోమయాజి మెలగిన నెల్లూరు చెంత పారునది మన కొండ నీరే. పెన్నలో ఏడాదిలో ఎన్ని నెలలు నీరుండును, ఎన్ని నెలలు ఇసుక యుండును అని వెక్కిరించు మిత్రుడొకడు నాకు కలడు. ఇసుకయైనను అది నంది మీదుగా వచ్చిన ఇసుకయే అని వానికి జవాబు చెప్పినాను.

అదే కొండలలో పుట్టిన అర్కావతి కావేరిలో కలియును. పాలారు కుప్పము సీమ త్రొక్కి తమిళదేశమునకు పోవును. దక్షిణ పినాకిని హోసూరు మీదుగా అదే దేశమునకు పోవును. మూడు భాషలవారికి నీరు పంచు కొండను ఒక భాషవారు తమదని వ్రాయించుకొనుట ఎంత అవివేకమో, అది మనది కాదని మరియొక భాషవారు వదలుకొనుట అంతకంటె అవివేకము. హార్స్‌లీని తెలుగు కొండ యనువారు నందిని ఎవరికి ధారపోయుచున్నారో ఒక్కసారి ఆలోచింతురుగాక!

దేవాలయముతో కొలిచినను ఇంతే. కొండ దిగువ నంది గ్రామమునగల భోగనందీశ్వరాలయమును చూడకుండ పైకి పరుగెత్తువారే మనలో ఎక్కువ. ఈ ఆలయ ప్రస్తావన నొళంబ రాజుల కాలమున, క్రీ.శ. 806 నాటికే కనబడుచున్నది. ఆ నొళంబుల రాజధాని హేమావతి ఎక్కడిది? నేడు ఆంధ్రప్రదేశములోని మడకశిర సీమలోనిది. వారి శాసనములు కన్నడములో, వారి రాజధాని నేటి తెలుగు సీమలో, వారి గుడి మన జిల్లాలో. ఏ రాష్ట్రమువారు వారిని పూర్తిగా తమవారని పట్టుకొనిపోగలరు? తరువాత చోళులు, హొయసలులు, విజయనగర ప్రభువులు తలా ఒక చేయి వేసినారు. ఒకే ప్రాకారమున అరుణాచలేశ్వరుడును భోగనందీశ్వరుడును ప్రక్కప్రక్కన, నడుమ చిన్న గుడిలో ఉమామహేశ్వరులు. వెలుపల మెట్లు మెట్లుగా దిగిన శృంగితీర్థము. అరుణాచలేశ్వరుడు శివుని బాల్యము, భోగనంది యౌవనము, కొండమీది యోగనంది వైరాగ్యము అని పెద్దలు చెప్పుదురు. కల్యాణమండపపు నల్లరాతి స్తంభముల పనితనము చూచుటకు నాకు ఒక పూట చాలదు. బెంగళూరు జనము కొండపైని మంచులో ఛాయాచిత్రములు తీసికొనుచున్న వేళ ఈ గుడి ఆవరణమున పదిమంది యుండరు.

ఆ గ్రామమునకు కూతవేటు దూరమున ముద్దేనహళ్ళి యున్నది. విశ్వేశ్వరయ్యగారు అక్కడ పుట్టినారు, 1962లో దివంగతులైన తరువాత అక్కడనే వారి సమాధి యేర్పడినది. వారి ఇంటిపేరు మోక్షగుండము. అది కంభము, గిద్దలూరుల నడుమగల తెలుగు ఊరు. ఆ ఇంటివారు ఏనాడో వచ్చి ఇక్కడ స్థిరపడినారు. మైసూరునకు దివానై 1912 నుండి 1918 వరకు రాజ్యభారము మోసిన ఆ మహనీయుడు తాను ఎక్కడివాడనని తడుముకొన్నట్లు నేను చదువలేదు. మోక్షగుండమును పేరులో నిలుపుకొన్నాడు, ముద్దేనహళ్ళిలో మట్టియైనాడు. మనుమరాలికి నేను మొదట చెప్పిన జవాబు ఇదియే. ఆమెకు ఇది కొంత నచ్చినట్లు కనబడినది.

ఇక అందరి మనస్సులలోను ఉండి ఎవరును పైకి అనని మాట. 2025 జులై 2వ తేదీన కర్ణాటక మంత్రివర్గము నందికొండమీదనే సమావేశమై, బాగేపల్లి పేరును భాగ్యనగరముగా మార్చుటకు సమ్మతించినది. ఆ దినము మొదలు ‘ఆ కొండ ఇక ఎక్కము’ అని శపథము చేసిన కుటుంబములు నాకు తెలిసినవి రెండు కలవు. వారి నొప్పి నా నొప్పియే. తాతల కాలమునాటి పేరు పోవునన్న వార్త విన్ననాడు నాకును అన్నము రుచింపలేదు. కాని ఆ పేరు తెలుగు పేరనియు, అందుచేత మార్చదగినదనియు అనువారికి జవాబు చెప్పవలసినది మనమే. ‘పల్లి’ తెలుగుకు మాత్రమే సొత్తు కాదు. పాత కన్నడమున పళ్ళి అనియే వ్యవహారము. పాలు అన్నది కన్నడమున హాలు అయినట్లే ఆ పళ్ళి కాలక్రమమున హళ్ళి అయినది. అనగా బాగేపల్లి అను పేరున తెలుగెంత కలదో పాత కన్నడమును అంత కలదు. అది ఉభయులకును తాతల నాటి ఆస్తి. భాగ్యనగరమన్ననో, తెలుగుదేశమున ఎవరిని అడిగినను హైదరాబాదు అందురు! తెలుగుతనము తొలగించబోయి తెలుగు రాజధాని పేరు తెచ్చి పెట్టుట వింతలలో వింత. ఈ మాటలు సౌమ్యముగా, మంచి కన్నడములో, మన జిల్లా పెద్దల ముందర చెప్పవలెను. చెప్పుటకు మనమిక్కడ ఉండవలెను గదా? ఇంటి పెద్ద ఏదో అన్నాడని అలిగి పొరుగింటి అరుగుమీద కూర్చున్నవాని మాటకు ఇంటిలో విలువ యుండునా?

కావున ఈ యేడు యాత్ర నందికే సాగవలెనని నా వాదము. వారాంతమున వద్దు. సోమవారము గాని మంగళవారము గాని గూళూరునుండి కోడికూతకు ముందే బయలుదేరవలెను. మొదటి దినము దిగువ: భోగనంది, శృంగితీర్థము, ముద్దేనహళ్ళి. అనపకాయల కాలము గనుక పితికిన పప్పు పులుసు, రాగిముద్దలు ఇండ్లనుండియే కట్టుకొనిపోయి గుడి వెలుపల చెట్ల క్రింద భోజనము. రాత్రికి చిక్కబళ్ళాపురములో తలదాచుకొనవచ్చును. ఆ ఊరిలో బంధువులు లేని కుటుంబము మనలో లేదు. రెండవ దినము చీకటితో 1,478 మీటర్ల కొండపైకి. కాలిబలము గలవారు సుల్తానుపేట మెట్లదారిన ఎక్కుదురుగాక. వేయికి పైబడిన మెట్లు, చలిలో ఎక్కిన ఆయాసము తెలియదు. పైన యోగనందిని దర్శించి, గాంధీగారు 1927లో అస్వస్థులై వచ్చి విశ్రమించిన, మరల 1936లో బసచేసిన కొండ ఇదియే అని పిల్లలకు చెప్పి, 1791 అక్టోబరున కారన్‌వాలిసు సేనలు పగులగొట్టిన కోటగోడ చూపవలెను. టిప్పు డ్రాపు అను కొనకొమ్ము దగ్గర పిల్లల చేయి విడువరాదు. మంచు విడిన తరువాత నదులు ఏ వైపున ఏది పుట్టినదో వ్రేలితో చూపవలెను.

వాహనములు నిలుపుచోట ఎవరైన మరల ‘ఆంధ్రదింద బందిద్దీరా’ అని అడిగినచో జవాబు చెప్పు పనిని పిల్లలకే వదలుదము. నా మనుమరాలు ఇప్పటికే సిద్ధము చేసికొన్నది: ‘ఇల్ల అణ్ణా, నావు గూళూరినవరు. నిమ్మ జిల్లెయవరే.’ ఆ జవాబు చెప్పి నా వైపు తిరిగి తెలుగులో, ‘సరిగా అంటినా తాతా?’ అని అడుగుచున్నది.

ఏనుగు మల్లమ్మ కొండకు నేను శత్రువును కాను. ఎండలు ముదిరిన వైశాఖములో చేళూరు దారిన పోయి రెండు దినములు చల్లగా ఉండి వత్తము. పొరుగూరి చుట్టమింటికి పోయినట్లు పోవుదము. గాలిబండమీద మల్లమ్మ కథ చెప్పు పని నాకు వదలుడు. గదులు మాత్రము ఫాల్గుణములోనే చెప్పిపెట్టవలెను, ఆలస్యమైనచో దొరకవు.